రబ్బరు బల్లి మీద వీరవిహారం

పాత సైన్స్ ఫిక్షన్ సీరియల్‌కి సమీక్ష రాయడం మహా సులువు. ఎపిసోడ్ చూడక్కర్లేదు, ఓ ఫొటో చాలు. ‘స్టార్ ట్రెక్’లో 1967 జనవరి 19న వచ్చిన ‘అరీనా’నే తీసుకోండి. బల్లి మొహం గోర్న్ కెప్టెన్, పలకలు పలకలుగా మెరిసే వెండి కళ్లు, ఒంటి మీద పొట్టి అంగీ. ఇంకేం, సమీక్షకుడికి పండగే. అది రబ్బరు తొడుగట, నత్తనడకట, విసిరే బండలు ఉత్తుత్తివట. కనిపెట్టేశారండీ! దాదాపు అరవయ్యేళ్లుగా నిజం బల్లే అనుకుని బతికేస్తున్నాం మేం.

ఇంకో రకం ఆయన ఉంటాడు, తర్కం మనిషి. మెట్రాన్లనే వాళ్లెవరో తలుచుకోగానే రెండు అంతరిక్ష నౌకలు ఎక్కడివక్కడ ఆగిపోతే ఈయనకు ఇబ్బంది లేదు. ఇద్దరు కెప్టెన్లూ మాయమై రాళ్లగుట్టల మధ్య తేలినా లేదు. ఆ ఇద్దరిలో మనిషైన కెప్టెన్ కర్క్ గంధకం, సురేకారం, బొగ్గు నూరి, వెదురులాంటి బొంగులో కూరి, వజ్రాలే గుండ్లుగా పేల్చేసరికి మాత్రం తగువు మొదలు. పాళ్లు కొలవలేదేం? బొంగు పగిలిపోదూ? (పగులుతుంది. ‘మిత్‌బస్టర్స్’ వాళ్లు పేల్చి మరీ చూపించారు. అయితే?)

ఈ పరిశోధనలో పడి కథ ఎవరికీ కనబడదు. సెస్టస్ 3 మీద మనుషుల స్థావరాన్ని గోర్న్‌లు నేలమట్టం చేశారు. కర్క్ పగబట్టి వెంటపడ్డాడు. తీరా చూస్తే శత్రువు బల్లి. కర్క్‌కే కాదు, చూసేవాళ్లకీ ఒళ్లు జలదరిస్తుంది, చంపేస్తే బాగుణ్ననిపిస్తుంది. అప్పుడు ఆ బల్లి నోరు విప్పుతుంది: మా చోట్లోకి చొరబడింది మీరే. పైన నౌకలో వింటున్న డాక్టర్ మెకాయ్ ఉలిక్కిపడతాడు, తప్పు మనదేనేమోనని. పక్కనే ఉన్న నౌకాధికారి స్పాక్ కూడా కొట్టిపారెయ్యడు. చివరికి కత్తి చేతికొచ్చినా కర్క్ గోర్న్‌ని చంపడు. వియత్నాంలో అమెరికా బాంబులు కురిపిస్తున్న రోజుల్లో, ఎన్‌బీసీలో, ఇంటిల్లిపాదీ చూసేవేళ వచ్చిందీ కథ. మన సమీక్షకుడు మాత్రం ఇంకా మొదటి సగంలో ఉన్న కర్క్‌లాగే బల్లి తోలు దగ్గరే ఆగిపోయాడు.

వెక్కిరింతలు పడలేకో ఏమో, తర్వాత వచ్చిన రీమాస్టర్డ్ ప్రతిలో కంప్యూటర్ సాయంతో గోర్న్ చేత కళ్లు ఆర్పించారు. ఇక గొడవ వదిలిందనుకోకండి. రేపు ఇంకొకాయన వస్తాడు, రెప్పలు సరిగ్గా అతకలేదని రెండు పేజీలు రాస్తాడు.