తాతయ్య చెయ్యి

హైదరాబాద్‌లో ఓ యానిమేషన్ స్టూడియో. పార్కిన్సన్స్ వ్యాధి ఉన్న ఓ తాతయ్య మీద చిన్న సినిమా తీస్తున్నాం. అందులో ఒక షాట్. తాతయ్య కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఒళ్లో పెట్టుకున్న కుడిచెయ్యి వణుకుతూ ఉంటుంది. మనవరాలు మంచినీళ్ల గ్లాసు తెస్తే చెయ్యి చాచి అందుకుంటాడు. అంతే.

అది మా టీములో కొత్తగా చేరిన అమ్మాయికి వచ్చింది. మేం వాడే త్రీడీఎస్ మ్యాక్స్ సాఫ్ట్‌వేర్‌లో వణుకు అనగానే అందరూ నాయిస్ కంట్రోలర్ తగిలిస్తారు. ఫ్రేము ఫ్రేముకి భంగిమ గుర్తుపెట్టే కీలు (కీఫ్రేములు) పెట్టే పనే ఉండదు. ఎంత జోరుగా, ఎంత బలంగా అని రెండు అంకెలిస్తే బొమ్మలోని ఎముక దానంతటదే అదురుతుంది. సీడ్ అంకె మారిస్తే అదురే తీరు మారుతుంది. నిమిషాల్లో తేలిపోయే పని.

ఆ అమ్మాయి దాని జోలికే పోలేదు. మణికట్టు ఎముక తిరుగుడుకి లిస్ట్ కంట్రోలర్ పెట్టింది. ఒకే కదలిక మీద రెండు మూడు కంట్రోలర్లను కలిపి నడిపించేది అది. ఒక్కోదానికి ఎంత బలమివ్వాలో వెయిట్ అనే అంకె చెబుతుంది. పై వరసలో బెజియే కంట్రోలర్, అందులో చెయ్యి గ్లాసు అందుకోవడానికి తను పెట్టిన కీలు. కింది వరసలో వేవ్‌ఫామ్ కంట్రోలర్, సైన్ అల. మా సినిమా సెకనుకి 25 ఫ్రేములు. 5 ఫ్రేములకో అల పెట్టింది, అంటే సెకనుకి 5 వణుకులు. చెయ్యి గ్లాసు కోసం లేచే చోట వేవ్‌ఫామ్ వెయిట్‌ని 100 నుంచి సున్నాకి దించింది. అంత శ్రద్ధగా చేసిన చెయ్యిని నేను ఎక్కువగా చూడలేదు.

డైరెక్టరు గారు చూశారు. యాభై దాటిన మనిషి, పనిలో గట్టివారు. కుడిచెయ్యి ఎప్పటిలాగే ప్యాంటు జేబులో ఉంది.

"ఇది కుట్టుమిషను ఆడినట్టుందమ్మా. మనిషి వణుకు ఇంత లెక్కగా ఉంటుందా? పైగా గ్లాసు పట్టుకోవాల్సిన సమయానికి వణుకే మాయమైంది. జనం నమ్మరు."

"విశ్రాంతిగా ఉన్నప్పుడే ఎక్కువ ఉంటుంది సార్. పని మొదలుపెడితే తగ్గుతుంది."

ఆ మాట నిజమే. 1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి రాసినప్పుడే, వణుకు పనిలో లేని అవయవంలో కనిపిస్తుందని చెప్పాడు. సాధారణంగా సెకనుకి 4 నుంచి 6 సార్లు, ఒకే లయలో.

"పుస్తకంలో చదివినవన్నీ తెరమీద పనికిరావు. నాయిస్ పెట్టు. గ్లాసు పట్టుకున్నాక ఇంకా ఎక్కువ వణకాలి, నీళ్లు ఒలకాలి" అన్నారాయన.

అమ్మాయి మారుమాట్లాడలేదు. వేవ్‌ఫామ్ తీసేసి నాయిస్ పెట్టింది. చెయ్యి అడ్డదిడ్డంగా అదిరింది, గ్లాసులో నీళ్లు తొణికాయి. సాయంత్రం మళ్లీ షాట్ వేస్తే గదిలో చప్పట్లు కొట్టారు. అందరూ వెళ్లాక నేను మిగిలిన ఫైళ్లు సర్దుతున్నాను. డైరెక్టరు గారు టీ తాగుతూ ఆ అమ్మాయితో అనునయంగా అన్నారు.

"బాధపడకమ్మా. ఇప్పుడు చూడు, ప్రాణం వచ్చింది. ఇకనుంచి అంకెలు కాదు, ముందు మనిషిని చూసి చెయ్యి."

"మనిషిని చూసే చేశాను సార్."

"ఎవరిని?"

అమ్మాయి కాసేపు తటపటాయించింది.

"మిమ్మల్నే సార్. జేబులోంచి తీసి బల్ల మీద పెట్టినప్పుడల్లా మీ కుడిచెయ్యి అలాగే వణుకుతుంది. టీ గ్లాసు పట్టుకోగానే ఆగిపోతుంది. నోటితో చెప్పే ధైర్యం లేక షాట్‌లో పెట్టాను. మీరే గుర్తుపడతారనుకున్నాను."

మర్నాడు పొద్దున నాయిస్ తీసేసి పాత వేవ్‌ఫామ్ తిరిగి పెట్టమని డైరెక్టరు గారే ఫోన్ చేశారు. ఆ ఫోన్ న్యూరాలజిస్టు క్లినిక్ నుంచి వచ్చింది.