అన్నం ముట్టించుడు

బిడ్డకు ఆరు నెలలు నిండగానే తల్లిపాలతో పాటు మెత్తటి తిండి మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కడుపులో ఉండగా తల్లి దగ్గర తీసి దాచుకున్న ఇనుము ఇంచుమించు అప్పటికి అడుగంటుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య బిడ్డకు పాలు పోను రోజుకు మరో 200 కిలో క్యాలరీల దాకా కావాలి. మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలో ఈ రెండొందల క్యాలరీల మీద పెత్తనం ఇంట్లో అయిదారుగురిది. వండేది, తినిపించేది, మూతి తుడిచేది, బట్టలు ఉతికేది తల్లే కాబట్టి నిర్ణయాల భారం కూడా ఎందుకని కాబోలు, ఆ అయిదారుగురిలో ఆమెను చేర్చుకోరు.

తొలి నిర్ణయం ముహూర్తం. ఆడపిల్లకు బేసి నెలలో, మగపిల్లాడికి సరి నెలలో అన్నం ముట్టించాలని ఆనవాయితీ. లెక్క కడితే ఆడపిల్లే అదృష్టవంతురాలు. ఆరు నిండడమంటే ఏడు పడడమే కనుక పంతులూ ప్రపంచ ఆరోగ్య సంస్థా ఒకేసారి తలూపుతారు. మగపిల్లాడికి ఆరో నెల అంటే నిండినవి అయిదే. ఎనిమిదో నెల దాకా ఆగితే ఆలస్యం. అంగన్‌వాడీ టీచర్ "పడుడు కాదు, నిండాలె" అని ఎన్నిసార్లు చెప్పినా, "ఆరుల పెడుదాం" అన్న మాటను ఎవరికి అనువైనట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు. మొక్కు ఉన్నవాళ్లు కురవి వీరభద్రస్వామి గుడికి పోతారు, లేనివాళ్లు ఇంట్లోనే కానిస్తారు.

పాయసం నాకించాక బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం, డబ్బులు, కత్తి పెడతారు. ఏది పట్టుకుంటే అదే భవిష్యత్తు. ఆ వయసులో బిడ్డకు ఒకటే కొలమానం: వస్తువు నోట్లో పడుతుందా, పట్టదా. ఉంగరం అందుకుంటే ధనవంతుడవుతాడని మురిసి, మరుక్షణం మింగబోతున్నాడని గుంజుకుంటారు. మేనమామ కలాన్ని జానెడు ముందుకు జరపాలని శాస్త్రంలో ఎక్కడా లేదు. జరపని మేనమామ కూడా లేడు.

అసలు కథ మర్నాడు మొదలవుతుంది. చెంచాతో పెట్టిన మెతుకును బిడ్డ నాలుకతో బయటికి నెడుతుంది. గొంతులోకి గట్టి పదార్థం పోకుండా పుట్టుకతో వచ్చిన కాపలా అది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మెల్లగా సడలుతుంది. కొత్త రుచిని ఒప్పుకోవడానికి ఎనిమిది, పదిసార్లు పెట్టి చూడాల్సి వస్తుందని పోషకాహార నిపుణుల మాట. ఇంట్లో వాళ్లకు ఒక్కసారి చాలు: దిష్టి తగిలిందని ఒకరు, నెయ్యి తక్కువైందని ఒకరు, పాలతోనే కడుపు నిండిందని మరొకరు తీర్పిస్తారు. బిడ్డ రెండో చెంచా కూడా ఉమ్మితే, తండ్రి పోలికని అందరూ ఒక్కమాట మీదికి వస్తారు.

పెద్ద గొడవ చిక్కదనం దగ్గర. "పల్చగుంటెనే అరుగుతది" అని అత్తమ్మ పప్పు మీది తేట వంచి పట్టిస్తుంది. బిడ్డ కడుపు కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్ల లెక్కన పడుతుంది. ఏడు కిలోల బిడ్డకు గిన్నెడు నీళ్లకే అది నిండిపోతుంది, పప్పులోని సారమంతా గిన్నె అడుగున ముసలాయన కోసం మిగిలిపోతుంది. చెంచాను కాస్త వంచినా జారకుండా నిలిచేంత చిక్కగా ఉండాలన్నది సరైన కొలత. పెసరపప్పుతో మెత్తగా ఉడికిన అన్నం, తైదల జావ, మెదిపిన ఆలుగడ్డ, గుమ్మడికాయ, అరటిపండు, ఉడికించిన గుడ్డు అన్నీ ఈ లెక్కకు సరిపోతాయి. రెండు మూడు చెంచాలతో మొదలై మెల్లగా అరకప్పు దాకా పోవాలి. ఏడాది నిండేదాకా తేనె మాత్రం వద్దు. అందులో బొటులిజం అనే జబ్బును పుట్టించే బీజాలు ఉండవచ్చు. "మా కాలంల నాకియ్యలేదా" అన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం దగ్గర జవాబుంది. కోడలి దగ్గర లేదు.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన గండం మిర్చి. చేన్లలో కాయ ఏరే రోజుల్లో ఇంటిల్లిపాది చేతులకూ మంట ఉంటుంది, సబ్బుతో రుద్దినా ఒక పట్టాన పోదు. తొక్కు నూరిన చేతిని నాయనమ్మ కొంగుకు తుడుచుకుని, అదే చేత్తో పెరుగన్నం పిసికి, ప్రేమగా ఒక బుక్క పెడుతుంది. బిడ్డ పెదవి ముందు వణుకుతుంది, తర్వాత కింది పెదవి బయటికి వస్తుంది, ఆ తర్వాత వాడకట్టుకంతా వినిపిస్తుంది. "పండ్లొస్తున్నయేమో" అంటుంది నాయనమ్మ.

ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా అంగన్‌వాడీలో నెలకు 2.5 కిలోల బాలామృతం పొట్లం, 16 గుడ్లు ఇస్తారు. హైదరాబాద్ నాచారంలోని తెలంగాణ ఫుడ్స్‌లో తయారయ్యే ఈ పిండిలో వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. పసిపిల్లలకు చక్కెర వద్దని చెప్పే సర్కారే చక్కెర కలిపి ఇవ్వడం కొంచెం తికమకే గానీ, పిండి రుచికి కారణం కూడా అదే. ఆ రుచి ఇంట్లో అందరికీ తెలుసు. రోజుకు వంద గ్రాముల లెక్కన ఇరవై అయిదు రోజులు రావాల్సిన పొట్లం లడ్డూలై, పెద్దపిల్లల జేబుల్లోకి చేరి, నెల సగంలోనే అయిపోతుంది. బరువు తూచే రోజున ఆ పెద్దపిల్లలను ఎవరూ తూచరు.

ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దలు చూసుకోవాలి, ఎంత తినాలో బిడ్డ చూసుకుంటుంది అని నిపుణులంటారు. గూడూరులో "ఇంకొక్క బుక్క" అన్న మాటకు అంతం లేదు. కాకి బుక్క, కోడి బుక్క, తాత బుక్క అయ్యాక నర్సంపేట బస్సును చూపించి మరొకటి నోట్లో కుక్కుతారు. చందమామ రాత్రయితే గాని రాడు. ఫోను ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంది, అందుకే మామ పని ఇప్పుడు దానిదే. దవడలో ముద్ద దాచి బొమ్మలు చూసే విద్య పిల్లలకు ఏడాది లోపే పట్టుబడుతుంది.

రెండేళ్లూ ఆపైన కూడా తల్లిపాలు ఇవ్వొచ్చు. మాన్పించే రోజు వచ్చినప్పుడు వేపాకు నూరి రొమ్ముకు పూయడం పాత పద్ధతి. కొందరు పిల్లలు ఒక్క చేదుకే దూరమవుతారు. కొందరు ముఖం చిట్లించి, అమ్మ కొంగుతోనే శుభ్రంగా తుడిచి, పని కొనసాగిస్తారు. అలాంటివాళ్లను నాలుగు రోజులు అమ్మమ్మ ఇంట్లో ఉంచుతారు. మూడేళ్లు నిండాక పొట్లం ఆగిపోయి, పిల్ల తానే అంగన్‌వాడీకి నడిచిపోయి వేడి అన్నం తింటుంది. ఇంట్లో ముట్టని పప్పును అక్కడ అడిగి మరీ వేయించుకుంటుందని టీచర్ చెబితే, ఇంట్లో ఒక్కరూ నమ్మరు.