ఏసీ యజమానికి, సూది కుక్కకి

పశువైద్యుణ్ని ఉద్యోగంలోకి తీసుకోవడం ఎలా ఉండకూడదో విరాటరాజు కొలువును చూసి నేర్చుకోవచ్చు. గుర్రాల రోగాలు నయం చేస్తానంటూ దామగ్రంథి అనే ఆయన వచ్చాడు. ఆవుల సంగతి నాకు వదిలెయ్యండంటూ తంత్రీపాలుడు అనే ఆయన వచ్చాడు. ఇంతకుముందు ఎక్కడ పనిచేశారయ్యా అంటే ఇద్దరూ ధర్మరాజు పేరే చెప్పారు. ఆ ధర్మరాజు కంకుభట్టు వేషంలో అదే కొలువులో కుదురుకుని ఉన్నాడు. రాజుగారు ఒక గుర్రాన్ని తెప్పించి దీని డెక్క చూడవయ్యా అనలేదు. మనుషులు దర్జాగా ఉన్నారు, మాట తీరు బాగుంది, తీసేసుకున్నాడు. వచ్చినవాళ్లు నకుల సహదేవులు కాబట్టి సరిపోయింది.

మన కాలనీల్లో ఇప్పటికీ నడుస్తున్నది విరాటరాజు పద్ధతే. గాజు తలుపు, చల్లటి ఏసీ, కూర్చోడానికి సోఫా, గోడ మీద నాలుక బయటపెట్టి నవ్వుతున్న లాబ్రడార్ ఫొటో, ఫోన్లో నాలుగున్నర స్టార్లు. ఇవన్నీ చూసి క్లినిక్ మంచిదని తేల్చేస్తాం. వీటిలో ఒక్కటైనా కుక్కకు పనికొచ్చేది ఉందా? సోఫా ఎక్కనివ్వరు. ఫొటోలో కుక్కకు వాసన లేదు కాబట్టి మన కుక్కకు దాని మీద ఆసక్తి లేదు. ఇక స్టార్లు ఇచ్చేది వైద్యం చేయించుకున్న జీవి కాదు, బిల్లు కట్టిన జీవి. అసలు రోగి అభిప్రాయమే అడిగితే ఊళ్లోని ప్రతి డాక్టరుకీ ఒక్క స్టారే వస్తుంది, థర్మామీటరు పెట్టిన చోటును బట్టి అదీ రాకపోవచ్చు. మనం మనకు నచ్చే డాక్టర్ని వెతుక్కుంటూ, పశువు కోసం వెతుకుతున్నామని అనుకుంటున్నాం. నా వాదన ఇంతే: పశువుకు కావాల్సిన డాక్టరు, యజమాని మాట మర్యాదగా విని, పశువును చూసేదాకా ఆ మాటను నమ్మనివాడు.

ఎందుకంటే యజమాని అంత నమ్మదగని సాక్షి ఇంకెక్కడా దొరకడు. 'ఒళ్లు కాలిపోతోందండీ' అంటాడు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, మన చేతికి అది ఎప్పుడూ జ్వరంలాగే తగులుతుంది. 'నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదండీ' అంటాడు. బిస్కెట్లు తిండి లెక్కలోకి రావు కాబట్టి చెప్పడు. రాత్రి బిర్యానీ అడుగున మిగిలిన ఉల్లిపాయ మసాలా అంతా దాని గిన్నెలోకే పోయిందని అస్సలు చెప్పడు, ఉల్లిపాయ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుందని ఆయనకు తెలియదు కూడా. 'పదిహేను కిలోలు ఉంటుందేమోనండీ' అని ఇంకో మాట. మందు మోతాదు బరువును బట్టే కాబట్టి ఆ 'ఏమో' చాలా ఖరీదైనది. మంచి డాక్టరు తూకం మీదికి ఎక్కిస్తాడు. కుక్క ఎక్కనంటే దాన్ని ఎత్తుకుని యజమానే ఎక్కాలి, తర్వాత తన బరువు తీసేయాలి. ఆ రెండో అంకె గది నలుమూలలకూ వినపడేలా చదువుతారు గనక చాలామందికి ఆ క్లినిక్ నచ్చదు. తూచాక ఆయన పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూస్తాడు, పొట్ట నొక్కుతాడు, చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో పిడుదుల కోసం వెతుకుతాడు. చిగుళ్లు పాలిపోయి పిడుదులు కనపడితే రక్తపరీక్ష రాస్తాడు. 'మా బాబాయిగారి కుక్కకు ఇలాగే ఉంటే వేడి చేసిందన్నారు' అనే వాంగ్మూలాన్ని తలూపుతూ వింటాడు, చీటీ మీద మాత్రం ఎక్కించడు. హస్తవాసి మంచిదని చెప్పుకుంటారే, బల్లకు అవతల కూర్చుని చెయ్యి కదపకుండా మందులు రాసేవారికి అది ఎక్కణ్నుంచి వస్తుంది?

సోఫా బదులు ఫ్రిజ్ చూడమని నా సలహా. టీకా మందులు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఆ ఫ్రిజ్ సంగతి ఏమిటని అడిగితే తడుముకోకుండా జవాబు రావాలి. పెరుగు డబ్బా, కాంపౌండర్ గారి మధ్యాహ్నం కూర, పార్వో టీకా ఒకే అరలో కాపురం ఉంటే కూర చల్లగా ఉంటుంది గానీ, తలుపు తీసినప్పుడల్లా టీకా వేడెక్కుతుంది. పార్వోతో పాటు ఇంకొన్ని రోగాలకు కుక్కపిల్లలకు వేసే ఆ కలగలుపు టీకాలో ఒక బుడ్డి పొడిగా, ఒక బుడ్డి నీళ్లగా వస్తుంది. అప్పటికప్పుడు మన కళ్లముందే కలిపి, బుడ్డి మీది స్టిక్కర్ ఊడదీసి కార్డులో అంటించి తేదీ వేస్తే ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లవచ్చు. ముందే సిరంజిలో నింపి వరసగా పేర్చి ఉంటే, వచ్చిన దారినే మర్యాదగా వెనక్కి రావచ్చు. ఫ్రిజ్‌లోకి తొంగిచూస్తే డాక్టరు గారు ఏమనుకుంటారో అని మొహమాటం ఉంటుంది. అనుకోనివ్వండి. కూరగాయల బండి దగ్గర బెండకాయ కొన విరిచి చూడటానికి లేని మొహమాటం ఇక్కడెందుకు?

ఇంత గొడవెందుకు, స్కానింగూ ఎక్స్‌రే ఉన్న పెద్దాసుపత్రికే పోతే పోలా అంటారు. ఎముక విరిగితే పోవాల్సిందే. కానీ రోజూ వచ్చేవి వాంతులు, విరేచనాలు, గజ్జి, చెవిపోటు. వాటికి కావాల్సింది దగ్గర్లో, మన కుక్క పాత చీటీలు చూసిన మనిషి. ఆ దగ్గరి మనిషికి ఉండాల్సిన అసలు యోగ్యత 'ఇది నా వల్ల కాదు' అనగలగడం. హైదరాబాదులో ఉంటే నారాయణగూడ సర్కారు ఆసుపత్రికో, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకో, ఆంధ్రలో ఉంటే గన్నవరమో తిరుపతో పంపే డాక్టరును చూసి ఈయనకేమీ రాదు అనుకుంటాం. అన్నీ తనకే వచ్చంటూ మూడు వారాలు సెలైన్లు ఎక్కించినవారిని చూసి ఎంత ఓపికో అనుకుంటాం. సర్కారు అన్నందుకే మొహం చిట్లించేవాళ్లకు ఇంకో మాట. పొద్దున్నే పది గేదెల కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టి వచ్చిన డాక్టరుకు మీ పొమేరేనియన్ పొట్ట నొక్కడం కష్టమేమీ కాదు. కాకపోతే ఆయన చొక్కా మీద పేడ మరక ఉంటుంది, దాన్ని అనుభవ ధ్రువపత్రంగా చదువుకోవాలి.

అసలు గట్టి అభ్యంతరం పల్లెటూరి నుంచి వస్తుంది. మండలానికంతా ఉన్నది ఒక్కరే, ఇందులో ఎంచుకునేది ఏముంది? ఉంది. ఈనిన రెండు మూడు రోజుల్లో పాడిగేదె మెడ తిప్పి తల డొక్కలో పెట్టుకుని కూలబడిపోతుంది. దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పేవాళ్లు, నోట్లో నూనె పొయ్యమనేవాళ్లు, ఫోన్లో వీడియో చూపించేవాళ్లు పది నిమిషాల్లో పోగవుతారు. అది పాల జ్వరం. పేరుకే జ్వరం, ఒళ్లు చల్లబడుతుంది, రక్తంలో కాల్షియం పడిపోవడమే కారణం. నరంలోకి కాల్షియం ఎక్కిస్తే కూలబడ్డ గేదె ఎక్కువసార్లు చూస్తుండగానే లేచి నిలబడుతుంది. అదే సీసాను గబగబా ఎక్కిస్తే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకే తెలిసినవాళ్లు ఒక చేత్తో సీసా పట్టుకుని, రెండో చేత్తో స్టెతస్కోపు గేదె గుండె మీద ఆనించి, నెమ్మదిగా ఎక్కిస్తారు. ఊళ్లో పశుసేవ చేసే గోపాలమిత్రల అసలు పని కృత్రిమ గర్భధారణ, ప్రథమ చికిత్స. ఆ పనిలో వాళ్లు ఊరికి చేసే మేలు చిన్నది కాదు. అయితే సంచీ భుజాన వేసుకున్న ప్రతివారినీ డాక్టర్ గారూ అని పిలిచి ఆ సీసా చేతిలో పెట్టడం మన తప్పు. 1984 నాటి చట్టం ప్రకారం పశువైద్యం చేయాలంటే డిగ్రీ ఉండి పశువైద్య మండలిలో పేరు నమోదై ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం అనుమతించిన డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్నవాళ్లు చిన్నాచితకా సేవలు చేయవచ్చు, అదీ డాక్టరు పర్యవేక్షణలో. కాబట్టి పల్లెలో ఎంపిక అంటే ఎవరి చేత ఏ పని చేయించాలనే తెలివిడి, పశువైద్య సాయానికి పిలిచే 1962 నంబరు పశువుల పాక గోడ మీద బొగ్గుతోనైనా రాసి ఉండటం. గేదె పడిపోయాక వెతికితే ముందు దొరికేవాడు మిరపకాయలవాడే.

ఖర్చు మాటేమిటంటారు. న్యాయమే. ఫీజు ముందే అడగాలి, ఏ మందు ఎందుకని అడగాలి, విసుక్కుంటే ఇంకో గుమ్మం చూసుకోవాలి. కానీ ఫీజు మిగులుతుందని మెడికల్ షాపు అబ్బాయిని డాక్టరు చేయడం మహా ఖరీదు. మనకు తలనొప్పికి దొరికే పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క బిళ్ల ప్రాణం తీయగలదు. పశువుల నొప్పికి విరివిగా వాడిన డైక్లోఫెనాక్ అయితే పశువును దాటిపోయింది. ఆ మందు పడి చచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందుల మూత్రపిండాలు పాడై జాతికి జాతే కుప్పకూలింది, 2006లో ఆ మందు పశువులకు వాడకూడదని కేంద్రం నిషేధించింది. గేదె కాలినొప్పి చీటీకి ఆకాశంలో పక్షులు బిల్లు కట్టాయి.

ఇంకా ఎవరిని ఎంచుకోవాలో తేలకపోతే చివరి పరీక్ష ఒకటుంది. టీకా వేయించడానికి తీసుకెళ్లిన కుక్క గింజుకుని యజమాని చెయ్యి కొరుకుతుంది. 'ఎలాగూ ఆ రేబిస్ సూది ఫ్రిజ్‌లో ఉందిగా డాక్టర్ గారూ, నాకూ ఒకటి పొడిచెయ్యండి, మళ్లీ ఆసుపత్రి చుట్టూ ఎవరు తిరుగుతారు' అంటాడు యజమాని. పొడిచేసే డాక్టరు ఎంత కలుపుగోలు మనిషైనా అటు వెళ్లకండి. కుళాయి తిప్పి, సబ్బు చేతికిచ్చి, పదిహేను నిమిషాలు కడుక్కోమని గడియారం చూపించి, అక్కణ్నుంచి నేరుగా మనుషుల ఆసుపత్రికి తరిమేసే డాక్టరు దొరికితే, కుక్క కార్డు మీద ఆయన నంబరు రాసుకోండి.