నోటు పోయి నోటీసు వచ్చె

విశాఖ దగ్గరి తగరపువలస బ్యాండు మేళానికి 2016 నవంబరు నుంచీ గడ్డుకాలమే. పెద్ద నోట్లు రద్దయిన ఆ పెళ్లిళ్ల సీజన్లో క్లారినెట్టు పెద్దాయన నుదుటికి అంటించడానికి పెళ్లివారి జేబులో పది రూపాయల కాగితం కూడా ఆడలేదు. ఇప్పుడిప్పుడే నోటు మళ్లీ కంటబడుతోంది కదా అనుకుంటుండగా 2017 మార్చిలో అమెరికా నుంచి నోటీసు కబురొచ్చింది.

ఆ కబురు ఇదీ. పాటకు యాభై ఏళ్లు నిండాయని దేశదేశాలు తిరుగుతూ కచేరీలు చేస్తున్న గాయకుడు బాలసుబ్రహ్మణ్యానికి స్వరకర్త ఇళయరాజా తరఫు లాయరు నుంచి తాఖీదు అందింది. ఆయన ఒక్కడికే కాదు. గాయని చిత్రకు, బాలు కొడుకు చరణ్‌కు, నిర్వాహకులకు, ఆఖరికి కచేరీ జరిగే హాళ్ల యాజమాన్యాలకు కూడా. అనుమతి లేకుండా రాజా పాటలు పాడితే భారీ జరిమానా, కోర్టు. చట్టమే అలా ఉంటే తలవంచుతాననీ, ఇకమీదట ఆ పాటలు పాడననీ, మిగతావారి పాటలతో కచేరీలు నడుపుతాననీ బాలు ఫేస్‌బుక్‌లో రాసుకున్నారు.

చట్టం ముందు అందరూ సమానమే. అమెరికాలోని సియాటెల్‌లో తప్పయినది తగరపువలసలో ఒప్పెలా అవుతుంది? కాబట్టి ఇక్కడ తక్షణమే, ఒకరి పాటను మరొకరు తిరిగి పాడే కవర్లకు ఒక ఇన్‌స్పెక్టరును వేయాలి.

ఆయన విశాఖలో విజయనగరం బస్సెక్కి, తగరపువలసలో దిగుతాడు. చంకలో 1957 నాటి కాపీరైటు చట్టం. అందులో 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షను దగ్గర తాటాకు ముక్క గుర్తు. పాట మొదట రికార్డయిన ఏడాది ముగిశాక మరో ఐదేళ్లు గడవందే దానికి కవర్ రికార్డు చేయకూడదు. చేసేముందు హక్కుదారుకు కబురు చేయాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ ముందే చెల్లించాలి. సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప అసలు పాటను మార్చకూడదు. అట్ట మీద ఇది కవర్ వెర్షన్ అని అచ్చేయాలి. రికార్డుల కోసం రాసిన సెక్షను రోడ్డు మీది బ్యాండుకు ఎలా తగులుతుందని అడగకండి. ఇన్‌స్పెక్టరు పుస్తకం అక్కడిదాకానే చదివాడు.

గోస్తనీ వంతెన దగ్గర పెళ్లి ఊరేగింపు ఎదురైంది.

“ఏ పాట ఇది? ఎప్పటిది?”

“మొన్న సంకురాత్రికొచ్చిందండి బాబూ. కుర్రోళ్లు అదే కావాలంతన్నారు.”

“అయితే 2022 డిసెంబరు 31 దాటాకే వాయించాలి.”

“మరి ముహూర్తం తెల్లారుజామునేనండి, ఏటి సేద్దుం?”

“ముహూర్తం మార్చుకోండి. పాటను మాత్రం మార్చడానికి వీల్లేదు.”

చిక్కంతా అక్కడే వచ్చిపడింది. క్లారినెట్టు భీమిలి వైపు పోతుంటే ట్రంపెట్టు సంగివలస వైపు లాగుతోంది. పెద్ద డ్రమ్ము ఎవరి మాటా వినడం లేదు. ఇన్‌స్పెక్టరు చెవి ఒగ్గి పది నిమిషాలు విన్నాడు. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ పాట అని పెళ్లికూతురి మేనమామ, కాదు ‘గీతాంజలి’ది అని తోడల్లుడు. ఏ పాటో తేలందే కేసెలా కడతాడు?

బ్యాండువాళ్ల తప్పేం లేదు. దొరలు చేస్తే ఇదే పనిని కళంటారు. స్లొవేనియాలో లైబాఖ్ అనే తిక్క రాక్ బృందం ఒకటుంది. 1988లో వాళ్లు బీటిల్స్ వారి ‘లెట్ ఇట్ బీ’ ఆల్బమ్‌ను ఒక్క టైటిల్ పాట వదిలేసి దాదాపు మొత్తం తిరగపాడారు, అదీ సైనిక కవాతు బాణీలో. విన్నవాళ్లలో సగం మంది అపచారమన్నారు, సగం మంది అద్భుతమన్నారు. తగరపువలస మేళం ప్రతి మాఘమాసంలోనూ అంతకంటే ఘోరమైన ప్రయోగాలు చేస్తుంది. విన్నవాళ్ల అభిప్రాయం కూడా అక్కడికక్కడే తేలిపోతుంది. నచ్చితే నోటు నుదుటికి అంటుకుంటుంది, నచ్చకపోతే పాట మార్చమని కేకేస్తారు. మనిషిని తిట్టరు.

ఆ వారం బాలు, రాజా అభిమానులకు అంత ఓపిక లేకపోయింది. బాణీ కట్టినవాడిదే పాట, గొంతు అద్దెకు తెచ్చుకున్నదే కదా అని ఒక పక్షం. ఆ గొంతే లేకపోతే బాణీ హార్మోనియం పెట్టెలోనే నిద్రపోయేదని రెండో పక్షం. ఇన్ని తిట్లలో ఇరుపక్షాలూ కలిసికట్టుగా మరచిపోయిన మనిషి ఒకడున్నాడు. పైన మేనమామా, తోడల్లుడూ కొట్టుకున్న రెండు సినిమాల్లోనూ పాటలు రాసింది వేటూరి. ఆయన 2010లోనే వెళ్లిపోయారు కాబట్టి ఏ పక్షానికీ అవసరపడలేదు.

ఇంతలో ఓ ప్లీడరు గుమస్తా వచ్చి చట్టంలో 52వ సెక్షను తిప్పి చూపించాడు. మతపరమైన వేడుకల్లో పాట వినిపిస్తే ఉల్లంఘన కాదట. ఆ వేడుకల్లో పెళ్లి ఊరేగింపు కూడా చేరుతుందని పేరుపెట్టి మరీ రాశారు. మన పార్లమెంటు సభ్యులు బ్యాండు ముందు ఎన్ని రాత్రులు చిందేసి ఉంటే ఆ మాట చట్టంలోకి ఎక్కి ఉంటుంది!

ఇన్‌స్పెక్టరు నీరుగారిపోలేదు. సెలూన్లో గడ్డం గీస్తూ కూనిరాగం తీస్తున్న మంగలికి ఒక నోటీసు, స్నానాల గదిలో పాడుకుంటున్న రిటైర్డు మాస్టారికి ఒకటి, మనవరాలికి జోలపాడుతున్న ముసలమ్మకు ఒకటి అంటించాడు. ఆ మరుసటి వారమే ఉగాది. వేపచెట్టు మీద కోయిల పాతికేళ్లుగా ఒకటే పాట, ఒక్క స్వరం మార్చకుండా పాడుతోంది. పక్కా కవర్. అయితే స్వరకర్త చనిపోయి 60 ఏళ్లు దాటితే హక్కు తీరిపోతుంది కనుక కోయిల బయటపడింది. కాకి సొంత బాణీ కట్టుకుంది కాబట్టి దాని జోలికే పోలేదు.

ఇక ఆయన్ని తిరుగు బస్సెక్కించేద్దాం. ఎందుకంటే ఈ ఊరికి నోటీసు అంటే ఏమిటో ముందే తెలుసు. 2009లో లాకౌట్ నోటీసు పడిన చిట్టివలస జూట్ మిల్లు ఇక్కడికి కూతవేటు దూరం. ఇక్కడి కుటుంబాలకు ఆ మాట చెవిన పడితే ఇప్పటికీ నవ్వు రాదు.

స్వరకర్తకు దక్కాల్సింది దక్కాల్సిందే. డాలర్లలో టిక్కెట్లు అమ్ముకున్న నిర్వాహకుణ్ణి నిలదీసి వసూలు చేయండి, ఎవరు కాదంటారు? కానీ ఒకప్పుడు బాలు నడిపిన లైట్ మ్యూజిక్ ట్రూపులో ఇళయరాజా వాయించేవారు. ఆ వేదికల మీద వాళ్లిద్దరూ కలిసి వినిపించినవి ఎవరెవరో కట్టిన సినిమా పాటలే. అలాంటి చెలికాడి చేతికి ప్రయాణం మధ్యలో లాయరు కాగితం పంపడం చట్టబద్ధమే కావచ్చు, మర్యాద మాత్రం కాదు.

అసలు కడుపు మండేది అందుకు కాదు. లాయరు ఉన్న పాటకే చట్టం ఉంది. 1976లో ‘అన్నక్కిళి’ పాటలతో ఇళయరాజా తమిళ సినిమాను ఊపేసిన ఆ పరిమళం పల్లె పొలాల మట్టిది. ఆ పొలాల్లో పాడిన కూలీలు ఎవరికి నోటీసు పంపారు? మన పార్వతీపురం వైపు పాటగాడు వంగపండు ప్రసాదరావు ఉండేవాడు. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’ అన్న ఆయన పాట పల్లవిని 2009లో ‘మగధీర’ పాటలోకి ఎత్తుకున్నారు. ఆయన అభ్యంతరం చెప్పి గొడవ చేశాక గానీ పరిహారం ముట్టలేదు. ఊరూరా పేరున్న వంగపండు కాబట్టి ఆమాత్రమైనా ముట్టింది. నాట్లేస్తూ పాట కట్టిన శ్రీకాకుళం ఆడమనిషికి, గజ్జె కట్టి తెల్లవార్లూ చిందేసే తప్పెటగుళ్ల బృందానికి దక్కేది ఒకే ఒక్క మాట: ‘జానపదం’. ఆ మాట పక్కన కాపీరైటు గుర్తు పెట్టి కింద కంపెనీ పేరు వేసుకుంటారు. ఊరుమ్మడి పాటకు రక్షణ ఇచ్చే సెక్షను ఒక్కటి కూడా ఆ లావుపాటి చట్టంలో లేదు. దీనిమీద ఏ అభిమానీ ఏ పక్షానా కొట్టుకోలేదు. ఇది దొంగతనం. దీనికి మర్యాదైన పేరు వెతకడం కూడా అనవసరం.

సంగీత కంపెనీల వారికీ, సినిమా వారికీ ఒక మనవి. ఈసారి ఉత్తరాంధ్ర పాట తీసుకున్నప్పుడు ‘జానపదం’ అని వేసే చోట, దాన్ని మీకు పాడి వినిపించిన మనిషి పేరు, ఊరి పేరు వేయండి. అందుకు ఏ సెక్షనూ అడ్డం రాదు.