ఇరవై నాలుగు గంటల్లో కెంపు

మా ఇంట్లో కెంపులు పండుతున్నాయని ఈ వేసవిలో చుట్టాలందరికీ తెలిసిపోయింది. పండిస్తున్నది మా తొమ్మిదేళ్ల అమ్మాయి అని స్టేటస్‌లో పెట్టాం. నిజానికి పండించింది నేను. అమ్మాయి డబ్బా విప్పింది, ఆపైన "ఇంకా రాలేదా నాన్నా?" అని పూటకోసారి అడిగింది.

ఇంట్లో స్ఫటికాలు పెంచే ఆ కిట్ డబ్బా ఖరీదు 1,299 రూపాయలు. అట్ట మీద కెంపు, పచ్చ, నీలం, ఒక్కొక్కటి గుప్పెడంత. మీ చిన్నారిలోని శాస్త్రవేత్తను మేల్కొల్పండి అని పైన, సహనం పెరుగుతుంది అని కింద, 24 గంటల్లో ఫలితం అని పక్కన. సహనం 24 గంటల్లో పెరిగేదే అయితే మా ఆవిడ నాక్కూడా ఒక డబ్బా తెప్పించేది.

లోపల ఒక తెల్లపొడి పొట్లం, రంగు, నాలుగు గులకరాళ్లు, ప్లాస్టిక్ గిన్నె. పొట్లం వెనక చీమ తలకాయంత అక్షరాల్లో మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ అని ఉంది. ఎక్కడో విన్నట్టుందే అని ఊళ్లో మిరప వేసే బాబాయికి ఫోన్ చేశాను.

"పన్నెండు అరవై ఒకటి సున్నా రా అది. డ్రిప్పులో ఎరువుగా వదులుతాం. నాలుగో అంతస్తులో ఉండేవాడివి, నీకెందుకూ?"

పిల్లకి కెంపులు చేసిపెడుతున్నానన్నాను. కాసేపు మాట లేదు. "కిలో ఎంతకిచ్చాడు?" అన్నాడు. కిలో కాదు బాబాయ్, వంద గ్రాములు అనడానికి నోరు రాక, సిగ్నల్ లేదని పెట్టేశాను.

వేడినీళ్లు చన్నీళ్లకంటే ఎక్కువ పొడి మింగుతాయి, చల్లారేకొద్దీ కక్కేస్తాయి. ఇందులో ఉన్న శాస్త్రమంతా ఇంతే. ఆ కక్కడం నిదానంగా సాగితే ఒక్క రాయే పలకలు తేరి పెరుగుతుంది. తొందరపెడితే వెయ్యి ముక్కలు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చుంటాయి. డబ్బావాడు అమ్మేది ఆ తొందరనే. నా వంతుగా నేను గిన్నెను ఫ్రిజ్ మీద పెట్టాను. కంప్రెసర్ అందుకున్నప్పుడల్లా అది వణికేది. తెల్లారి చూస్తే బీట్‌రూట్ రంగు కాలీఫ్లవర్ తయారైంది.

పచారీ కొట్లో పది రూపాయల పటిక తెచ్చుకుంటే పోయేది. ఆ పేరే స్ఫటికంలోంచి పుట్టింది. గడ్డం గీశాక రాసేది, బురద నీళ్లు తేర్చేది, దిష్టికి గుమ్మానికి కట్టేది అదే. వేడినీళ్లలో చిక్కగా కరిగించి, చల్లారాక అడుగున తేరిన గింజనొకదాన్ని దారానికి కట్టి వేలాడదీసి, పైన కాగితం కప్పి వారం పది రోజులు ఎవరూ ముట్టుకోకపోతే ఎనిమిది ముఖాల రాయి వస్తుంది. రంగు కలిపినా నీళ్లకే అంటుతుంది తప్ప రాయికి పట్టదు. మరి అట్ట మీద బొమ్మకి పనికొస్తుందా?

ఆ "ఎవరూ ముట్టుకోకపోతే" దగ్గరే వస్తుంది చిక్కు. సెలవుల్లో మా అమ్మాయికి ఏడింటికి ఈత, తొమ్మిదింటికి అబాకస్, నాలుగింటికి కోడింగ్. వారం రోజులు ఏమీ చేయకుండా ఒక గాజుగ్లాసును చూస్తూ కూర్చునే తీరిక టైమ్‌టేబుల్లో లేదు. అందుకే సహనాన్ని పొట్లం కట్టించి కొన్నాం. అసలు సహనం భూమి కింద ఉంది: మెక్సికోలో నైకా గని కింద 2000లో ఒక గుహ బయటపడింది. అందులో 11 మీటర్ల జిప్సం స్ఫటికాలున్నాయి. వేడినీళ్లలో లక్షల ఏళ్లు మునిగి పెరిగాయి. అక్కడ ఫ్రిజ్ లేదు, నాలాంటి తండ్రీ లేడు.

మా కెంపు పది రోజులు షోకేసులో ఉంది. ఊరి నుంచి వచ్చిన అమ్మ, దుమ్ము పట్టిందని కుళాయి కింద, బకెట్ మీద పట్టి శుభ్రంగా తోమింది. ఎరువు కరక్క ఏంచేస్తుంది? చేతిలో రేగిపండంత మిగిలింది. అమ్మాయి దాన్ని కూడా బకెట్లో వేసి, ఆ ఎర్రనీళ్లు బాల్కనీలోని కరివేపాకు మొక్కకి పోసింది.

మొక్క నాలుగు కొత్త రెమ్మలు వేసింది. నిన్న డబ్బావాళ్లు రివ్యూ అడిగితే, అయిదు నక్షత్రాలూ ఇచ్చాను.