సభ్యత్వ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలము:
నెట్ యూజర్ సుబ్బు /డొమైన్

ప్రతిపదార్థము: నెట్ = ఆఫీసు వలయందు; యూజర్ = వాడుకరియైన; సుబ్బు = స్టోర్స్‌లో కూర్చుండు సుబ్బును గూర్చి; / = ఏటవాలు గీత చేత; డొమైన్ = ఎదుటనున్న కంప్యూటరును గాక సర్వరును (అడుగుచున్నాను అని అధ్యాహార్యము).

తాత్పర్యము: ఓ సర్వరా! సుబ్బు ఏయే గ్రూపులలోని వాడో ఉన్నదున్నట్లు సెలవిమ్మని అడ్మిన్ నల్లతెర ముందు వేడుకొనుచున్నాడు.

సందర్భము: ఇరవై మంది ఆఫీసు, ఒక సర్వరు. జీతాల ఫోల్డరు ఎవరెవరు తెరవగలరో రాసిమ్మని ఆడిటరు గారు అడిగారు. అడ్మిన్ ఒక్కో పేరు మీద ఈ సూత్రం జపించి, వచ్చినదంతా ఎక్సెల్‌లో అతికించాడు. సుబ్బు వరుసలో రెండే గ్రూపులు: డొమైన్ యూజర్స్, స్టోర్స్. జీతాల ఊసే లేదు. ఆడిటరు గారు టిక్కు పెట్టేశారు.

శంక: అయితే సుబ్బు క్యాంటీన్‌లో అందరి ఇంక్రిమెంట్లూ పైసలతో సహా ఎలా చెప్పగలుగుతున్నాడు?

సమాధానము: ప్రవర చెప్పమంటే తండ్రి పేరుతో ఊరుకునే సూత్రమిది. నేరుగా చేర్చిన గ్రూపులనే చెబుతుంది. మార్చిలో స్టాకు లెక్కలకని, ఒక్కొక్కరినీ చేర్చే ఓపిక లేక, స్టోర్స్ గ్రూపును మొత్తంగా అకౌంట్స్‌లో పడేశారు. అకౌంట్స్ అంతకుముందే జీతాల ఫైళ్లు చదివే గ్రూపులో ఉంది. మార్చి పోయింది గాని స్టోర్స్‌ను బయటికి తీసినవాడు లేడు.

సూత్రకారుణ్ణి తిట్టి లాభం లేదు. నెట్ ఆజ్ఞ లాన్ మేనేజర్ కాలం నాటిది. ఎన్‌టీ రోజుల్లో గ్లోబల్ గ్రూపులో ఇంకో గ్రూపును పెట్టే వీలే లేదు. ఆ వెసులుబాటు విండోస్ 2000తో, యాక్టివ్ డైరెక్టరీతో వచ్చింది. మనుమల సంగతి ముసలాయనకేం తెలుసు!

పాఠభేదము: అకౌంటెంటు మేడమ్ గారి వరుసలో 'అకౌంట్స్-శాలరీ-ఫైల్స్' అని రెండుసార్లు కనబడుతుంది. ఇది పునరుక్తి దోషమని కొందరు. కాదు. ఈ ఆజ్ఞ గ్రూపు పేరును 21 ఇంగ్లీషు అక్షరాల దగ్గర కోసేస్తుంది. ఆ పేర్ల చివర ఒకదానికి 'రీడ్', రెండోదానికి 'రైట్' అని ఉండాలి. చదవగలిగేదీ దిద్దగలిగేదీ తేడా తెలిపే మాటే తెగిపోయింది. ప్రతి పేరు ముందూ ఉన్న నక్షత్రాన్ని చూసి ఆడిటరు గారు పెద్ద హోదా అనుకున్నారు గాని, దానికే హోదా లేదు.

సిద్ధాంతము: మనిషిని పట్టుకుని గ్రూపులడగడం తలకిందుల ప్రశ్న. ఫోల్డరు ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబు తెరిచి, అక్కడ పేరున్న గ్రూపునే నిలదీయాలి. పవర్‌షెల్‌లో 'గెట్-ఏడీగ్రూప్‌మెంబర్' అని పిలిచి, చివర 'రికర్సివ్' చేరిస్తే గ్రూపుల లోపలి గ్రూపుల్లో దాక్కున్నవాళ్లూ వరుసగా బయటికొస్తారు. సుబ్బు కూర్చున్న కంప్యూటర్లోనే 'హూయామై /గ్రూప్స్' కొట్టినా గుట్టు తెలుస్తుంది. ఇరవై మంది సీట్ల దగ్గరికీ వెళ్లి కొట్టేవాడుంటే అదీ మంచిదే.

ఉత్తరకథ: స్టోర్స్‌ను అకౌంట్స్ నుంచి తీసేశారు. అయినా సుబ్బుకు ఫోల్డరు తెరుచుకుంటూనే ఉంది. గ్రూపుల జాబితా లాగిన్ అయిన వేళ చేతికొస్తుంది, మామూలుగా మళ్లీ లాగిన్ అయితేనే మారుతుంది.

"సుబ్బూ, ఒక్కసారి లాగాఫ్ అవ్వవయ్యా" అన్నాడు అడ్మిన్.

"ఉండండి సార్, ఒక ఫైలు తెరిచి ఉంది."