నంబరు ప్లేటు లేని సాక్షి

నేను అట్లాస్ సైకిల్‌ని. మా కంపెనీ 1951లో హర్యానాలోని సోనీపత్‌లో పుట్టింది. సాహిబాబాద్‌లో ఉన్న ఫ్యాక్టరీని 2020 జూన్ 3న మూసేశారు. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. మనుషులకు తమాషాగా ఉండొచ్చు గానీ నాకేమీ నవ్వు రాలేదు.

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఆసామి నన్ను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. కొన్న వారంలోనే వెల్డింగ్ షాపుకు తోలుకెళ్లి నా రూపం మార్పించాడు. వెనక చక్రం పక్కన ఓ కప్పీ, ముందు గొట్టం మీద సానరాయి, రెంటినీ కలుపుతూ ఓ బెల్టు. బరువైన డబుల్ స్టాండు వేస్తే నా వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. ఆయన సీటు మీద కూర్చుని పెడల్ తొక్కుతుంటే రాయి గిర్రున తిరుగుతుంది. "కత్తులకు, కత్తెర్లకు, కత్తిపీటలకు సాన పడతాం!" అని ముత్యాలంపాడు సందుల్లో మేమిద్దరం కేకేసుకుంటూ తిరిగేవాళ్లం. కేక ఆయనది, బెల్లు నాది.

కూరగాయల కత్తి ఎవరైనా పదును పెడతారు. టైలరు కత్తెరకు సాన పట్టేటప్పుడు చూడాలి ఆయన్ని. రెండు అలుగులనీ ఒకే వాలులో రాయికి ఆనించాలి, రాయి వేగం ఎక్కడా తగ్గకూడదు, పెరగకూడదు. ఆ వేగమంతా కాళ్లలోనే ఉంది. పని అయ్యాక పాత గుడ్డపీలిక ఒకటి తీసి కత్తెర కొసతో కత్తిరించేవాడు. కొసన కూడా గుడ్డ నలగకుండా తెగితేనే డబ్బులు అడిగేవాడు. ఈ కాళ్ల సంగతి గుర్తుంచుకోండి, తర్వాత కోర్టులో దీనితోనే పని పడింది.

2023 వేసవిలో ఓ పొద్దున, రోడ్డుకు ఎడమ వారన పోతున్నాం. వెనకనుంచి ఓ కారు వచ్చి గుద్దింది. బ్రేకు వేసిన చప్పుడు నాకు వినపడలేదు. నా వెనక మడ్‌గార్డు సీటు కిందికి చొచ్చుకుపోయింది, రిమ్ము అప్పడంలా వంకర తిరిగింది, స్పోకులు విరిగి ఫ్రీవీల్లో ఇరుక్కున్నాయి. సానరాయి రెండు ముక్కలు. ఆయన కుడికాలికి మోకాలి కింద ఉన్న రెండు ఎముకలూ విరిగాయి.

జనం మూగారు. మంచివాళ్లే, ఆయన్ని ఆటోలో ఎక్కించారు. ట్రాఫిక్ ఆగిపోతోందని నన్ను కాలవగట్టుకు ఈడ్చేశారు. ఈడ్చేముందు కిరాణా కొట్టు కుర్రాడొకడు ఫోను తీసి ఫోటో కొట్టాడు. నా వంగిన చక్రం, కారు ముందుభాగం, దాని నంబరు ప్లేటు, మూడూ ఒకే ఫోటోలో పడ్డాయి. కారు ఆగకుండా పోయి, నంబరు కూడా దొరక్కపోతే, ఇంత పెద్ద దెబ్బకు ప్రభుత్వ పథకం కింద వచ్చేది 50,000 రూపాయలు. ప్రాణం పోతే 2 లక్షలు. ఆ కుర్రాడికి అవేవీ తెలియవు, ఫోటో తియ్యాలనిపించింది, తీశాడంతే.

ఎఫ్‌ఐఆర్ అయింది. ఐపీసీ 279, 338 సెక్షన్లు. పంచనామాలో నా గురించి రాసింది ఒక్క వాక్యం: "ఒక పాత సైకిలు, వెనుక చక్రము వంగియున్నది." నన్ను స్టేషను ఆవరణలో పడేశారు. గుద్దిన కారును మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాడు, ఓనరు పూచీకత్తు ఇచ్చి దర్జాగా తీసుకుపోయాడు. నాకు ఆర్‌సీ లేదు, నంబరు లేదు, అడిగేవాళ్లు లేరు. కారు వెళ్లిపోయాక కూడా నేను వానకు తడుస్తూ అక్కడే ఉన్నాను.

ఆసుపత్రికి కారు తాలూకు పెద్దమనుషులు వచ్చారట. "చూడమ్మా, కేసులూ కోర్టులూ అంటే ఏళ్లు పడతాయి. పాతిక వేలిస్తాం, రాజీ కాగితం మీద ఆయన చేత సంతకం పెట్టించు" అన్నారట. మా ఆసామి భార్య, "ఆయన లేచి నడిచాక మాట్లాడుకుందాం బాబూ" అని ఊరుకుంది. ఇంట్లో అప్పటికే అప్పు పుట్టింది. ఆ పూట పాతిక వేలు ఎంత పెద్ద మొత్తమో ఆమెకే తెలుసు. అయినా సంతకం పెట్టించలేదు. ఈ కథలో తెలివైన మనిషి ఎవరంటే నేను ఆమె పేరే చెబుతాను.

నన్ను విడిపించి తెచ్చింది కూడా ఆమే. తెచ్చి వసారాలో గోడకు ఆనించింది. మిగతా సంగతులన్నీ అక్కడ నిలబడి విన్నవే.

లాయరు రెండు దారులు చెప్పాడు. మోటారు వాహనాల చట్టం 164 సెక్షను కింద అయితే తప్పు ఎవరిదో రుజువు చెయ్యనక్కర్లేదు, తీవ్రగాయానికి 2.5 లక్షలు. కానీ అది తీసుకుంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో వేసిన క్లెయిము రద్దయిపోతుంది. రెండోది 166 సెక్షను: తప్పు రుజువు చెయ్యాలి, పోయిన సంపాదనంతా లెక్కకట్టి అడగొచ్చు. 2022 ఏప్రిల్ నుంచి దీనికి ఆరు నెలల గడువు పెట్టారు. ఆ గడువు చెల్లుతుందా లేదా అన్న పేచీ సుప్రీంకోర్టుకెక్కింది గానీ, దాన్ని నమ్ముకుని ఎవరూ నాన్చకండి. 2022లో వచ్చిన రూల్స్ ప్రకారం పోలీసులే 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు మొదటి నివేదిక పంపాలి. మా కేసులో ఆ కాగితాల కోసం ఆమె చెప్పులరిగేలా తిరిగింది. చివరికి గడువులోపే పిటిషను పడింది.

విచారణలో కారు ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు, "సైకిలతను ఉన్నట్టుండి కుడివైపుకు తిరిగాడు, అందుకే తగిలింది, తప్పులో సగం అతనిదే" అన్నాడు. సగం తప్పంటే పరిహారంలో సగం కోత. నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని. కుడికి తిరిగే సైకిలుకు దెబ్బ పక్కన తగులుతుంది, పెడల్ వంగుతుంది, క్రాంకు వంగుతుంది. నా పెడళ్లు రెండూ ఈనాటికీ చక్కగా ఉన్నాయి. నా మడ్‌గార్డు తిన్నగా ముందుకు చొచ్చుకుపోయింది. ఇదంతా కిరాణా కుర్రాడి ఫోటో చెప్పింది. క్రిమినల్ కేసులోలాగా ఇక్కడ అనుమానానికి తావు లేకుండా రుజువు చెయ్యనక్కర్లేదు, ఏది ఎక్కువ నమ్మదగ్గదో చూస్తారు. ఫోటోనే నమ్మారు.

ఆ తర్వాత కాలి లెక్క. మెడికల్ బోర్డు 30 శాతం వైకల్యం అని సర్టిఫికెట్ ఇచ్చింది. ఎముక అతుక్కుంది, మోకాలు మాత్రం పూర్తిగా వంగదు. 30 శాతమంటే సంపాదనలో కూడా 30 శాతమే పోయిందా? వంగని మోకాలితో పెడల్ ఒక్క చుట్టయినా తిరుగుతుందా? దీనికి సమాధానం సుప్రీంకోర్టు 2010లోనే రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో చెప్పింది. ఎడమచెయ్యి తెగిపోతే వడ్రంగికో డ్రైవరుకో బతుకుతెరువు దాదాపు మొత్తం పోయినట్టే, అదే చెయ్యి పోయిన గుమస్తా ఉద్యోగం నిలబడొచ్చు అని ఆ తీర్పులో ఉదాహరణ ఉంది. శరీరంలో ఎంత పోయిందన్నది డాక్టరు చెబుతాడు, పనిలో ఎంత పోయిందో తేల్చాల్సింది ట్రిబ్యునల్.

"నెలకెంత సంపాదిస్తావు? రసీదులున్నాయా?" అని అడిగారు. సానపట్టేవాడు రసీదులు రాస్తాడా? ఓ టైలరు వచ్చి, ఇన్నేళ్లుగా తన కత్తెర్లకు ఈయనే సాన పడుతున్నాడని చెప్పి వెళ్లాడు. నెలకు 12,000గా ఖాయం చేశారు. వయసు 44. నలభై నుంచి యాభై ఏళ్లలోపు స్వయం ఉపాధివాళ్లకు ముందు ముందు పెరగబోయే రాబడి కింద 25 శాతం కలపాలన్నది 2017 ప్రణయ్ సేఠీ తీర్పు. అంటే 15,000. ఏడాదికి 1,80,000. 41 నుంచి 45 ఏళ్లవారికి 14తో హెచ్చవెయ్యాలన్నది 2009 సరళా వర్మ తీర్పు. 25,20,000. అందులో 30 శాతమైతే 7,56,000. పనిని బట్టి 50 శాతంగా లెక్క తీశారు: 12,60,000. సర్టిఫికెట్లో అంకెకూ ఆయన చేసే పనికీ నడుమ తేడా 5,04,000 రూపాయలు. నన్నడిగితే ఆ 50 కూడా తక్కువే. ఆసుపత్రి ఖర్చు, నొప్పి, తోడున్న మనిషి ఖర్చు, పిటిషను వేసిన నాటినుంచి వడ్డీ వేరు. కొంత చేతికిచ్చి, మిగతాది బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యమన్నారు.

ఆర్డరులో చివరి పద్దు నాది. "సైకిలు, సానరాయి నష్టము: 4,000." నాకు అభ్యంతరం లేదు. సెకండ్‌హ్యాండ్ సరుకునే కదా. ఆయన ఇప్పుడు కరెంటు మోటారుకు రాయి బిగించుకుని ఇంటి ముందే కూర్చుంటున్నాడు. వీధులు తిరగడం లేదు కాబట్టి గిరాకీ మునుపటంత లేదు.

ఇది చదువుతున్న మీకు రేపు ఏ రోడ్డు మీదో ఇలాంటి దృశ్యం ఎదురైతే ముందు మనిషిని లేపండి, ఆసుపత్రికి పంపండి. సైకిల్ని పక్కకు ఈడ్చేముందు మాత్రం వాహనం నంబరుతో సహా ఒక్క ఫోటో తీయండి.